పడ్డకాడనే

ఆ మనిషిని నేను నా కండ్లతో చూసిన. చూసిన కాబట్టే చెప్తున్న. లాలాపేట గల్లీల పనోళ్ళకు చెప్తున్న, అడిక్‌మెట్ రూముల్ల ముగ్గురు నలుగురు సర్దుకుని చదువుకుంటున్న పిల్లలకు చెప్తున్న. ఇన్నంక మీ ఇష్టం.

మే నెల. ఎండ నడినెత్తి దాటింది. ఉప్పల్ అవతలి చిన్న విమానాశ్రయం. శంషాబాద్‌ది కాదు, దాని దర్జా వేరు. ఇది చిన్న ఊర్లకు పోయే చిన్న విమానాలది. రెక్కలకు పంకాలుండే విమానాలొస్తయి, బస్సు లెక్క జనాన్ని దించుతయి, ఎక్కించుకుంటయి, పోతయి. నేను బయట ఆటోల అడ్డ కాడ నిలబడి కాంట్రాక్టు కార్మికుల కరపత్రాలు పంచుతున్న. ప్రయాణికులు బయటికొచ్చే అద్దాల తలుపు తెరుచుకున్నది. లోపలి ఏసీ గాలి మొఖానికి కొట్టింది. ఆ గాలితోనే ఒక చక్రాల కుర్చీ బయటికొచ్చింది.

కుర్చీల ఒక మనిషి. మొఖం మీదికి గుంజిన టోపీ, భుజాల సుట్టు ఆడపిల్ల చున్నీ. యూనిఫాం ఏసుకున్న ఒక పిల్ల నెడుతున్నది. పక్కన ఒకడు సూట్‌కేసు పట్టుకుని సొంత తమ్ముని లెక్క నడుస్తుండు. చూసేటోళ్ళకు మామూలే. ఎవలో పెద్దమనిషి, కాళ్ళు రాక కుర్చీల పోతుండనుకుంటరు. నేను గూడ గట్లనే అనుకుందును, ఆ మనిషి బూట్లు చూడకపోతే. ముందట ఇనుప రేకు ఉన్న బూట్లు. బరువు మీద పడ్డా వేళ్ళు నలగకుండ పనోళ్ళకిచ్చే బూట్లు. ఏ ప్రయాణికుడు ఆ బూట్లేసుకుని విమానం ఎక్కుతడు?

"అన్నా! ఆటో ఆపు! జల్ది!" అని సూట్‌కేసు పట్టుకున్నోడు అర్సిండు. ఆ పిల్ల అప్పటికే ఏడుస్తున్నది. ముగ్గురం కలిసి ఆ మనిషిని ఆటోల ఏసినం. ఒళ్ళు ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఆటో హబ్సిగూడ సిగ్నల్ కాడ ఆగింది, కదిలింది, మళ్ళ ఆగింది. డ్రైవర్ హారన్ మీదికెళ్ళి చెయ్యి తియ్యలే. సికింద్రాబాద్ పెద్దాసుపత్రికి పోవాలె మేము. తార్నాక ఫ్లైఓవర్ ఎక్కినం. ఆ మనిషి ఇల్లు గాడనే, ఫ్లైఓవర్ కింద లాలాపేట దిక్కు తిరిగితే. ఫ్లైఓవర్ దిగేటప్పటికి పిల్ల ఒళ్ళె ఉన్న తల పక్కకు వాలింది. పానం పోయింది.

ఆ మనిషి పేరు బెన్నీ. విమానాల సామాను ఎక్కించి దించే లోడర్. సూట్‌కేసు పట్టుకున్నోడు పరశురాం, బెన్నీకి జోడీ లోడర్. కుర్చీ నెట్టిన పిల్ల రాజశ్రీ, నడవలేని ప్రయాణికులను తోల్కపోయేది ఆమె నౌకరి. వీళ్ళు బెన్నీని ఎందుకు గట్ల వేషం మార్చి తెచ్చిండ్రు? అది చెప్పాలంటే రాజన్న సంగతి చెప్పాలె.

రాజన్న గాడ పాత లోడర్. పోయినేడు ఎండల విమానం రెక్క కింద కూలిండు. తోటోళ్ళు మంచిగ ఆలోచించి విమానాశ్రయంల ఉన్న డాక్టర్ కాడికి తీస్కపోయిండ్రు. డాక్టర్ గూడ మంచోడే. సెలైన్ ఎక్కించిండు, రాజన్న లేచి కూసున్నడు. వారం తిరగకముందే "ఈ పనికి పనికిరాడు" అని కాంట్రాక్టు కంపెనీ ఆయన పాసు గుంజుకున్నది. మెడల పాసు లేకపోతే లోపలికి కాలు పెట్టనియ్యరు. కాలు పెట్టకపోతే నౌకరి లేదు. ఇప్పుడు రాజన్న తార్నాకల చెరుకు రసం బండి తిప్పుతుండు.

అప్పట్నుంచి పనోళ్ళు ఒక కిటుకు కనిపెట్టిండ్రు. ఎవరన్న కండ్లు తిరిగి పడితే డాక్టర్ దాకా పోనియ్యొద్దు. సూపర్వైజర్ చూడకముందే మెరిసే జాకెట్ విప్పాలె. మెడల పాసు తియ్యాలె. చక్రాల కుర్చీల కూసోబెట్టి, టోపీ పెట్టి, చున్నీ కప్పి, అప్పుడే దిగిన ప్రయాణికులల్ల కలిపి బయటికి నెట్టుకుంట పోవాలె. లోపలికి పోయేటోన్ని సతాయిస్తరు గని బయటికి పోయే ప్రయాణికుణ్ని ఎవడు ఆపుతడు? చేతిల ఉండడానికి ఒక ఖాళీ సూట్‌కేసు గూడ దాచిపెట్టుకున్నరు. బయట నీడల పండబెట్టి, నీళ్ళు కొట్టి, లేచినంక ఇంటికి పంపేటోళ్ళు. గిట్ల ఎంతోమంది నౌకర్లు నిలబడ్డయి. ఒకనికొకడు కాపలా అనుకున్నరు వాళ్ళు.

బెన్నీ లెవ్వలే.

మరునాడు విమానాశ్రయపోళ్ళ నోటీసు వచ్చింది, అండ్ల గిట్లున్నది: మా పని కాడ ఏ కార్మికుడు పడలేదు. బెన్నీ అనే కాంట్రాక్టు మనిషి డ్యూటీ మధ్యల చెప్పకుండ, ప్రయాణికుని వేషం ఏసుకుని, భద్రతా నియమాలు తప్పి బయటికి పోయిండు. తర్వాత రోడ్డు మీద ఏమైందో మాకు సంబంధం లేదు. పోలీసులకు ఫిర్యాదు చేసినం అని. మీరు మళ్ళొకసారి చదువుండ్రి. మనిషి మార్చురీల పండి ఉండంగ, వాని మీదనే కేసు! కెమెరాలల్ల ఉన్నది చూపించిండ్రు: ఒక టోపీ, ఒక చున్నీ, ఒక కుర్చీ.

బెన్నీ పెండ్లాం పేరు ప్రమీల. మన యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్సుల రొట్టెలు చేస్తది. ఆమెది గూడ కాంట్రాక్టే. ఆమెకు మార్చురీ కాడ నోటీసు చదివి వినిపించింది ప్రియాంక, ఆ హాస్టల్ల ఉండి పరిశోధన చేసే పిల్ల. ప్రమీల రెండుసార్లు చదివించుకున్నది. ఏడువలే. "వేషమా?" అన్నది. "నా మొగుడు క్రిస్మస్ నాటకంల జ్ఞాని వేషం ఎయ్యమంటేనే సిగ్గని పారిపోయిండు. గీ నాటకం ఎట్ల ఆడిండు?"

ప్రియాంక ఆ నోటీసు మడిచి సంచిల పెట్టుకున్నది.

బొందపెట్టిన రోజు పాస్టర్ ప్రార్థన అయిపోయింది, మట్టి పోసినం. జనం కదులుతున్నరు. అప్పుడు జాన్సన్ దగ్గరికొచ్చిండు. జాన్సన్ కంపెనీ సూపర్వైజర్. వీళ్ళ చర్చిలనే పెద్ద. గుంటూరు దిక్కు మనిషి, మాట మెత్తగుంటది. నేను పక్కనే ఉన్న, ప్రతి మాట ఇన్న.

"చెల్లెమ్మా, నేను పరాయివాణ్ణి కాదు. నీ మంచి కోరి చెబుతున్నా. కంపెనీవాళ్ళు నీకు టెర్మినల్లో హౌస్‌కీపింగ్ ఉద్యోగం ఇస్తామంటున్నారు. ఏసీలో పని. ఈ పిండి పిసికే బాధ తప్పుతుంది."

"ఎందుకిస్తరంట?"

"మానవత్వం, అమ్మా. నువ్వొక్క కంప్లైంట్ ఇస్తే చాలు. పరశురాం మీద, ఆ రాజశ్రీ మీద. ఉన్న మాటేగా? డాక్టరు అక్కడే ఉన్నాడు. మెడికల్ రూమ్ అరైవల్స్ దారిలోనే ఉంది. వీళ్ళు బెన్నీని ఆ తలుపు ముందు నుంచే నెట్టుకుపోయారు. లోపలికి తీసుకెళ్ళి ఉంటే మనవాడు ఇవాళ…"

మిగతాది మింగిండు.  ప్రమీలకు ఈ సంగతి అప్పటిదాంక తెల్వదు. డాక్టర్ ఉన్నడని తెల్వదు, దారిల ఉన్నడని తెల్వదు.

నేను ఒక్క మాట చెప్పాలె. జాన్సన్ అబద్ధం చెప్పలే. దొరల మనుషులు ఎప్పుడూ అబద్ధమే చెప్తరని మీరు అనుకుంటే మోసపోతరు. ఉన్న మాటల్నే ఒక ముక్క కోసి చేతిల పెడ్తరు. ఆ ముక్క కత్తి లెక్క ఉంటది. దాన్ని ఎవరి మీదికి ఎత్తాల్నో గూడ వాళ్ళే చెప్తరు.

ఆ రోజు పొద్దుగూకినంక హాస్టల్ మెస్సుల మీటింగ్ పెట్టినం. క్యాంపస్‌ల ఎక్కడ పెడ్దామన్నా పర్మిషన్ అంటరు. పిల్లలు తిన్నంక బల్లలు జరిపి, "మెస్సు కమిటీ మీటింగ్" అని వాచ్‌మెన్‌కు చెప్పింది ప్రియాంక. వాచ్‌మెన్ లోడర్ల గుంపు చూసి, "వీళ్ళు గూడ మెస్సు కమిటీయేనా?" అన్నడు. "కూరల ఉప్పు తక్కువైతుందని వచ్చిండ్రు అన్నా" అన్నది. నవ్వి వదిలిండు.

లోడర్లు, కుర్చీలు నెట్టే పిల్లలు, విమానాల లోపల ఊడ్చి తుడిచే ఆడోళ్ళు, ట్రాలీలు తెచ్చేటోళ్ళు. యూనివర్సిటీ పిల్లలు గోడల పొంటి నిలబడ్డరు. ముందుగాల విద్యార్థి నాయకుడు ముఖేష్ లేచిండు. ప్రైవేటీకరణ అన్నడు, నయా ఉదారవాదం అన్నడు, సామ్రాజ్యవాదం అన్నడు. మంచి పిలగాడు, చదివిండు. గని ఆపుతలేడు. రాజన్న ఎనకకెళ్ళి, "తమ్మీ, గా సామ్రాజ్యవాదం ఎన్ని గంటలకు దిగుతదో చెప్పు. సామాన్లు మేమే దించుతం" అన్నడు. మొత్తం మెస్సు నవ్వింది. ముఖేష్ గూడ నవ్వి కూసున్నడు. ఆ నవ్వు ఆగినంక ప్రమీల గొంతు ఇనబడ్డది.

"పరశురాం ఏడి?"

ఆ పిలగాడు బియ్యం బస్తాల ఎనక కూసున్నడు. లేచిండు గని తల ఎత్తలే.

"గా డాక్టర్ రూం ముంగట్నుంచే తీస్కపోయిండ్రా?"

"అవును వదినె."

"తలుపు తెరిచి ఉన్నదా?"

"అద్దం తలుపు. లోపల డాక్టర్ కనబడ్డడు. ఫోన్ల మాట్లాడుతుండు."

  "మొత్తం చెప్పు" అన్నది ప్రమీల.

"ఆ రోజు విమానాలు లేటై ఒకదానెనక ఒకటి వచ్చినయి వదినె. అన్న విమానం పొట్టలకు ఎక్కిండు. గాడ నిలబడరాదు, మోకాళ్ళ మీద పాకుకుంటనే పెట్టెలు గుంజాలె. కింద సిమెంటు, పైన రేకు. నీళ్ళ బాటిల్ తెచ్చుకోనియ్యరు, గాలికి ఎగిరి పంకలల్ల పడ్తదంట. దిగినంక చక్రం కాడ కూసున్నడు. మాట తేడా వచ్చింది. నన్ను పట్టుకుని శామ్యూల్ అన్నడు."

"మా పెద్దోని పేరు" అన్నది ప్రమీల ఎవలతోనో చెప్తున్నట్టు.

"చెమట ఆగిపోయింది. నేను… నేను మంచిదే అనుకున్న వదినె. సల్లబడ్డడు అనుకున్న. నాకు తెల్వదు. అయినా డాక్టర్ కాడికి పోదాం అన్న. అన్న నా చెయ్యి పట్టుకున్నడు. 'డాక్టరొద్దు, పాసు తియ్యి' అన్నడు. నేను జాకెట్ విప్పంగ మళ్ళ అన్నడు, పాసు తియ్యి అని. అంతే. మళ్ళ మాట్లాడలే."

మీరు చదువుకున్నోళ్ళు, సచ్చేటప్పుడు మనుషులు ఏమేమన్నరో పుస్తకాలల్ల చదివి ఉంటరు. దేవుణ్ని తల్సుకున్నరని, బిడ్డల్ని తల్సుకున్నరని. బెన్నీ చర్చికి తప్పకుండ పోయే మనిషి. ఇద్దరు పిల్లల తండ్రి. ఆయన ఆఖరి మాట: పాసు తియ్యి.

ప్రమీల లేచి పోయి పరశురాం చెంప మీద కొట్టింది. మళ్ళ కొట్టింది. "వాడు వద్దంటే ఇంటవా? తెలివి తప్పినోడు వద్దంటే ఇంటవార నువ్వు? తమ్ముడన్నడుర నిన్ను! నా ఇంట్ల తిన్నవుర!" పరశురాం చేతులు అడ్డం పెట్టుకోలే. రాజశ్రీ మధ్యల కొచ్చింది, "నన్ను కొట్టక్కా, నెట్టింది నేను" అన్నది. ప్రమీల ఆ పిల్ల మీదికి గూడ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి గట్లనే ఉండిపోయింది.

అప్పుడు గోడ కాడ రజిని లేచింది. విమానంల సీట్ల సందుల్ల చెత్త ఏరే మనిషి. "అక్కా, పోయిన నెల నేను కూసున్న గా కుర్చీల. నన్ను గూడ వీళ్ళిద్దరే బయటేసిండ్రు. నా పిల్లలు ఇయ్యాల తింటున్నరంటే గందుకే." ఆమె కూసోకముందే ఇంకొకడు. "నేను, ఉగాది ముందు." ట్రాలీల ముసలాయన, "నన్ను రెండుసార్లు." ఒకరెనక ఒకరు. చేతులు ఎత్తమని ఎవ్వరు అడగలే. వాళ్ళే లేస్తున్నరు. ఎవరు ఎవరిని నెట్టిండ్రో చెప్తున్నరు. ఇన్నేండ్లు ఒక్క చప్పరం కింద పనిచేసిండ్రు గని, ఇంతమంది పడ్డరని ఒకనికొకడు గూడ ఎరుక లేదు.

ప్రమీల అందరి దిక్కు చూసింది. "మీరందరు లేచి ఇండ్లకు పోయిండ్రు" అన్నది. "నా వాడెందుకు లెవ్వలే?"

  ట్రాలీల ముసలాయన అన్నడు: "మేం లేచినందుకే బిడ్డా. లేచినప్పుడల్ల ఇదే మంచి ఉపాయం అనుకున్నం. తప్పించుకున్నం అనుకున్నం."

"ఎవల నుంచి తప్పించుకున్నరు?" అన్నది ప్రమీల. "మీరు పడ్డరు. పడ్డోణ్ని మీరే మోసిండ్రు, మీరే దాచిండ్రు. కంపెనీవోడు కాయితం మీద ఏం రాసుకున్నడు? మా కాడ ఎవ్వరు పడలే అని! నిజమే గద? ఒక్కడన్న పడ్డట్టు చూపించిండ్రా? వానికి నీడ ఎయ్యాల్సిన అక్కెర లేకపాయె, నీళ్ళు పెట్టాల్సిన అక్కెర లేకపాయె. మీ కోసం దాస్తున్నం అనుకున్నరు. వాని కోసం దాచిండ్రు."

 నేను ఇన్నేండ్ల నుంచి కరపత్రాలు రాస్తున్న. ఆ మాట నాకు తట్టలే.

తర్వాత లొల్లి మొదలైంది. ఇగ దాచొద్దు, పడ్డకాడనే సుట్టు కూసుందాం అని కొందరు. దాచకపోతే పాసులు పోతయి అని కొందరు. "విమానం కాడ కూసుంటే తీవ్రవాదులని లోపలేస్తరు. నాకు బ్యాంకు లోన్ ఉన్నది" అని ఒకడు. "నీ లోను బెన్నీ కడుతుండెనా?" అని ఇంకొకడు. "ఏయ్, సచ్చినోణ్ని తేవకు నోట్లకు!" "మరి ఎందుకొచ్చినవ్, రొట్టె తిందామనా?" కాలర్లు పట్టుకునేదాంక పోయింది. ముఖేష్ విడిపించబోతే వానికి గూడ ఒకటి తగిలింది. తార్నాకల ట్రాఫిక్ సల్లబడేదాంక నడిచింది ఆ మీటింగ్. ఆఖరుకు రెండు మాటలు ఖాయమైనయి. ఒకటి: బెన్నీ పని కాడ పడ్డడని పోలీసుల కాడ చెప్పాలె, చెప్పినోనికి ఏమైనా సరే. రెండు: ఇగ మీదట ఎవలు పడ్డా మొయ్యొద్దు. పడ్డకాడనే పండబెట్టాలె, సుట్టు కూసోవాలె. డాక్టర్ ఆడికే రావాలె. విమానం ఆగితే ఆగనియ్యి.

మొదటి దానికి పరశురాం లేచిండు. రాజశ్రీ లేచింది. ఎవ్వరు వాళ్ళను అడగలే.

పొద్దున స్టేషన్‌కు పోయినం. ఎస్సై ముందుగాల ప్రమీలను కూసోమన్నడు, మంచినీళ్ళు తెప్పించిండు. ఆమె పరశురాం మీద ఫిర్యాదు తెచ్చిందనుకున్నడు. జాన్సన్ చెప్పి ఉంటడు. ప్రమీల నిలబడే చెప్పింది.

"నా మొగుడు బెన్నీ విమానం చక్రం కాడ ఎండదెబ్బకు పడ్డడు. డ్యూటీల పడ్డడు. కంపెనీ మీద రాయుండ్రి."

"సాక్ష్యం ఏంది?"

"నేను" అన్నడు పరశురాం.

"నేను" అన్నది రాజశ్రీ.

ఎస్సై పెన్ను పక్కకు పెట్టిండు. "మీరు ఇది చెప్పుడంటే, విమానాశ్రయం భద్రత తప్పించి మనిషిని దొంగతనంగ దాటించినం అని ఒప్పుకున్నట్టే. సమజైతుందా? బెయిల్ గూడ తొందరగ దొరకది. జర ఆలోచించుకో బే, పెండ్లి కావాల్సిన పోరగానివి."

"బెన్నీ అన్న పని కాడ పడ్డడని రాయుండ్రి సార్. మిగతాది మీ ఇష్టం."

రాసిండు. బెన్నీ పడ్డ సంగతి ఎట్ల రాసిండో మాకు తెల్వదు గని, వీళ్ళు దాటించిన సంగతి మాత్రం మంచిగ రాసిండు. ఇద్దర్ని జీపు ఎక్కించిండ్రు. అప్పటికే, ఇంతకుముందు గా చక్రాల కుర్చీల బయటపడ్డోళ్ళు స్టేషన్ ముంగటికి ఒక్కొక్కరు వస్తున్నరు. "నన్ను గూడ దాటించిండ్రు, నాది గూడ రాస్కోండ్రి" అంటున్నరు. కానిస్టేబుల్ గేటు ఏసిండు. గేటు బయట్నుంచే అర్సిండ్రు. జీపు పోతుంటే రాజశ్రీ ఎనకకు తిరిగి ప్రమీలను చూసింది. ప్రమీల చెయ్యి ఊపలే. అప్పుడు ఆమె మనసుల ఏమున్నదో ఆమెకే తెల్వాలె. క్షమించిందని నేను రాస్తే అది అబద్ధమైతది.

మిగిలినోళ్ళను కంపెనీ వెంటనే తియ్యలేకపోయింది. ఎండకాలం సెలవులు, విమానాలన్నీ నిండుగ పోతున్నయి. కొత్తోళ్ళకు పాసు రావాలంటే పోలీసు విచారణ అనీ అదనీ మస్తు రోజులు పడ్తది. "ఈ సెలవులు అయ్యాక మీ సంగతి చూస్తాం" అన్నడు జాన్సన్.

సెలవులు అయిపోకముందే రజిని మళ్ళ పడ్డది.

నేను లోపల లేను. ఉన్నోళ్ళు చెప్పింది చెప్తున్న. విమానం ఊడ్చి చెత్త సంచి తీసుకుని మెట్లు దిగుతుంటే ఆఖరి మెట్టు మీద కూలింది. ఒక కొత్త పిల్ల అలవాటు కొద్ది కుర్చీ ఉరికిచ్చుకుంట తెచ్చింది. ట్రాలీల ముసలాయన ఆ కుర్చీని కాలుతోని ఒక్క తన్ను తన్నిండు. అది బోల్తపడ్డది. లోడర్లు వచ్చిండ్రు. రజిని తల కింద జాకెట్లు పెట్టిండ్రు. ఆమె జాకెట్ విప్పలే. మెడల పాసు గట్లనే ఉంచిండ్రు, పైకి కనబడేటట్టు. సుట్టు నీడగ నిలబడ్డరు కొందరు, కూసున్నరు కొందరు. విమానానికి ముందట, మెట్ల కాడ, చక్రాల కాడ.

జాన్సన్ ఉరికొచ్చిండు. "లేపండిరా ఆమెని! ఏం చేస్తున్నారు? ఫ్లైట్ డిలే అవుతోంది!"

"డాక్టర్‌ను పిలువు సారూ."

"ముందు లోపలికి మోయండి, అక్కడ పిలుస్తా!"

"మొయ్యం. పడ్డకాడికే పిలువు."

"మీ పాసులన్నీ పోతాయి, చెబుతున్నా!"

"మెడలనే ఉన్నయి. వచ్చి తీస్కో."

తీస్కోను ఆయన చెయ్యి రాలే. టెర్మినల్ కిటికీలకెళ్ళి ప్రయాణికులు చూస్తున్నరు, ఫోన్లు పట్టుకుని తీస్తున్నరు. పైలట్ అద్దంలకెళ్ళి కిందికి చూసిండు. పంక తిప్పలే. జాన్సన్ చెమట తుడుచుకుంట ఫోన్ చేసిండు.

డాక్టర్ వచ్చిండు. తెల్ల కోటు ఎగురుతుంటే బ్యాగు చంకల పెట్టుకుని ఉరుక్కుంట వచ్చిండు. వయసు పిలగాడే. ఐసు గడ్డలు చంకలల్ల పెట్టిండు, సెలైన్ పెట్టిండు, తడిబట్ట చుట్టమన్నడు. రజిని కండ్లు తెరిచింది. "పాసు" అన్నది. "ఉన్నది, ఉన్నది, మెడలనే ఉన్నది" అని అందరు ఒక్కసారి అన్నరు. డాక్టర్ లేచి సుట్టు చూసి, "ఇన్ని రోజులు నన్ను ఒక్కసారి గూడ ఇక్కడికి ఎందుకు పిలవలేదు?" అని అడిగిండు. ట్రాలీల ముసలాయన రజిని మెడల పాసు చూపించిండు. 

జాన్సన్ ఫోన్ పెట్టినప్పట్నుంచి డాక్టర్ వచ్చేదాంక ఎంత సేపు పట్టిందో తెలుసా? ఒక మనిషి బీడీ అంటించి రెండు దమ్ములు గుంజేంత సేపు. అంతే.

ఈ కబురు పట్టుకుని ప్రియాంక, నేను మెస్సుకు పోయినం. గెలిచినం అని చెప్దామని పోయినం. ప్రమీల పిండి పిసుకుతున్నది. రజిని బతికిందన్నం. "మంచిగైంది" అన్నది, చెయ్యి ఆపకుండ. డాక్టర్ ఉరికొచ్చిండన్నం. "ఎంత సేపట్ల?" అన్నది.

ప్రియాంక చెప్పింది. చెప్పినంక తెలిసింది ఆ పిల్లకు, చెప్పొద్దని.

ప్రమీల చేతులు పిండిల ఆగిపోయినయి. "గంతేనా?" అన్నది. "గంత దగ్గర్నే ఉన్నడా డాక్టరు?" గోడకు ఆనుకుని కింద కూసున్నది. మార్చురీ కాడ ఏడువని మనిషి, మట్టి పోసినప్పుడు ఏడువని మనిషి, పిండి చేతులు మొఖానికి పెట్టుకుని గప్పుడు ఏడ్చింది. పెద్ద మంట మీద పెనం మాడుతున్నది. ఎవరో పోయి కట్టేసిండ్రు. ఆ రాత్రి హాస్టల్ పిల్లలు రొట్టెలు వాళ్ళే చేసుకున్నరు, వంకరటింకరగ.

మరుసటి వారం చంచల్‌గూడ జైలుకు ములాఖత్‌కు పోయినం. పరశురాం ఉన్న జైలు గేటు కాడ నిలబడి ప్రమీల, "నేను గూడ లోపలికి వస్త" అన్నది. నేను ఒద్దనలే. లోపల జాలికి అవతల పరశురాం నిలబడ్డడు. చిక్కిపోయిండు. మమ్ముల చూసి నవ్వబోయిండు. ప్రమీలను చూసి తల దించుకున్నడు.

"రజిని బతికింది తమ్మీ" అన్నది ఆమె. "మనోళ్ళు మొయ్యలే. పడ్డకాడనే పండబెట్టిండ్రు. డాక్టరే వచ్చిండు."

"ఇన్న వదినె. లోపలికి కబురొచ్చింది."  జాలి పట్టుకుని దగ్గరికి జరిగిండు. "వదినె… డాక్టరు ఎంత సేపట్ల వచ్చిండు?"

నేను ప్రమీల దిక్కు చూసిన. ఆమె నా దిక్కు చూడలే.

"శానసేపు పట్టింది తమ్మీ" అన్నది. "మస్తు లేటుగ వచ్చిండు. రజినిది పాణం గట్టిది, గందుకే ఆగింది."

పరశురాం తల ఎత్తి ఆమె కండ్లలకు చూసిండు. నమ్మిండో లేదో నాకు తెల్వదు. ఊపిరి మాత్రం వదిలిండు, ఎన్ని రోజుల నుంచి పట్టుకున్నడో ఏమో. "పిల్లలు బడికి పోతున్నరా?" అని అడిగిండు. "శామ్యూల్ నీ గురించే అడుగుతుండు, చిన్నబాపు ఎప్పుడొస్తడని" అన్నది. అది గూడ నిజమో కాదో నేను అడగలే. టైం అయిపోయింది అని సిపాయి అర్సిండు.

బయట మనోళ్ళు ఎండల నిలబడి ఉన్నరు. లోడర్లు, ట్రాలీలోళ్ళు, రజిని గూడ వచ్చింది, ఇంక నీరసంగనే ఉన్నది. విమానం కాడ కూసున్నోళ్ళందరికీ కంపెనీ నోటీసులిచ్చిన రోజే అది. నెలాఖరుకు పాసులు అప్పజెప్పాలంట. ఏం చేద్దాం అని ఒకరి మొఖాలు ఒకరు చూసుకుంటున్నరు. ముఖేష్ ఏదో చెప్పబోయిండు. ప్రమీల కొంగుతోని మొఖం తుడుచుకుని ముందుకొచ్చింది.

"ఆ పిలగాడు, ఆ పిల్ల బయటికొచ్చేదాంక ఒక్క పెట్టె లెవ్వొద్దు" అన్నది.

మరునాడు ఒక్క పెట్టె లెవ్వలే.